గార్డ్యోలా ఎక్కని స్పీరు

స్పీరు ఇంటి హాల్లో ఒక పెళ్ళి ఫోటో ఉంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని చూసి అడిగేది ఒకటే: "పెళ్ళికొడుకేడీ?" ఫోటోలో తెల్లగౌనులో ఫిలుమేనా ఉంది. పక్కన, కోటు బిగుతై ఊపిరాడక నిలబడ్డ ఆమె తండ్రి. వెనక గార్డ్యోలా రాతి గూడు, దాని మీద చెక్కిన పెద్ద కన్ను. పెళ్ళికొడుకు జాడ మాత్రం లేదు. కొందరైతే పాపం, పోయాడేమోనని గొంతు తగ్గించేస్తారు. అప్పుడు ఫిలుమేనా లేచి వెళ్ళి, ఫోటో కింది మూలలో, నీళ్ళ మీదున్న నల్ల చుక్క పక్కన వేలు పెట్టి, "అదుగో మహానుభావుడు, పడవలో ఉన్నాడు" అంటుంది.

ఇస్లా ఊరి ఆడపిల్లలంతా పెళ్ళిరోజున చేసే పనే ఆమె కూడా చేసింది. చర్చి నుంచి తిన్నగా ఊరి కొసన బురుజు మీదున్న తోటకు వెళ్ళి, వెనక ఓడరేవంతా కనబడేలా ఫోటో దిగింది. వెనకటి రోజుల్లో కావలివాడు ఆ గూట్లో నిలబడి వచ్చేపోయే ఓడల్ని కనిపెట్టేవాడట. ఇప్పుడక్కడ కనిపెట్టేది బెంచీల మీద కూర్చునే ముసలాళ్ళే. స్పీరు చర్చికి వచ్చాడు, ఉంగరం తొడిగాడు, అందరితో చేతులు కలిపాడు. ఫోటో మాట ఎత్తగానే, "నేను పడవలో ఉంటాను, నువ్వు కానిచ్చుకుని రా" అని సూటూబూటుతో రేవు మెట్లు దిగిపోయాడు. ఆ రోజు ఫిలుమేనా తండ్రి అన్న మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు.

స్పీరుది మా బిర్గు. బిర్గుకీ ఇస్లాకీ మధ్య ఒక పాయ నీళ్ళు, అంతే. ఇక్కడ చేపలు వేయిస్తే అక్కడ వాసన తగులుతుంది. ఏడాదంతా పిల్లనిచ్చుకుంటాం, పుచ్చుకుంటాం, చావుకీ బతుక్కీ వెళ్తాం. సెప్టెంబరులో పడవ పందేలు వచ్చాయా, ఇక వాళ్ళెవరో మేమెవరమో. అన్నదమ్ములైనా సరే, వాళ్ళ పసుపు జెండా గుమ్మంలోకి తెస్తే ఊరుకోం.

పెళ్ళికి రెండేళ్ళ ముందు, స్పీరు బిర్గు పడవలో ముందు తెడ్డు వేసేవాడు. కండ పట్టి, నిగనిగలాడుతూ ఉండేవాడు, దానికి తగ్గ పొగరూ ఉండేది. ఆ ఏడు బిర్గు పడవ అందరికంటే ముందు దూసుకొస్తోంది. సరిగ్గా గార్డ్యోలా కిందికి వచ్చేసరికి స్పీరు తెడ్డును పట్టి ఉంచే తాడు పుటుక్కున తెగింది. తెడ్డు ఒకవైపు, స్పీరు ఒకవైపు. కాళ్ళు పైకి లేచి వెనకవాడి ఒళ్ళో పడ్డాడు. ఇస్లా పడవ పక్కనుంచి చక్కా వెళ్ళిపోయింది.

పైన గోడ పొడుగునా ఇస్లా జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఫిలుమేనా అన్న గెయ్తు అప్పటికి నూనూగు మీసాలవాడు. తింటున్న రొట్టెలోంచి ముక్క తుంచి కిందికి విసిరి, "చేపలు ఆకలి మీదున్నాయర్రా, వెయ్యండి!" అని అరిచాడు. ఇంకేం, తలా ఒక ముక్కా విసిరారు. ఒకటి వచ్చి స్పీరు నుదుటికి కొట్టుకుంది. వాడు పడవలో లేచి నిలబడి, పిడికిలి ఎత్తి, రేవంతా వినబడేలా అరిచాడు: "ఈ జన్మలో మీ తోటలో అడుగుపెడితే నా పేరు స్పీరు కాదు!"

కుర్రతనంలో అందరం ఏదో ఒకటి అంటాం. మర్నాటికి మర్చిపోతాం. స్పీరు మర్చిపోలేదు. పంతం అన్నది వాడింట్లో మనిషిలా తిష్ట వేసింది.

తర్వాత ఫిలుమేనా మీద మనసు పడ్డాడు, పెళ్ళాడాడు, కూతుర్ని కని పెద్దచేసి పెళ్ళి చేశాడు. రేవులో పడవ నడిపి బతికాడు. విదేశీయుల్ని ఎక్కించుకుని గార్డ్యోలా కింద పడవ ఆపి, పైకి చూపించి, వచ్చిన నాలుగు భాషల ముక్కల్లో చెప్పేవాడు: "అదిగో కన్ను, అదిగో చెవి. కావలివాడు అన్నీ చూస్తాడు, అన్నీ వింటాడు. పైనించి చూస్తే రేవంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది." ఎంత బాగుంటుందో ఒళ్ళు మరిచి వర్ణించేవాడు. తను ఎప్పుడూ ఎక్కలేదని వాళ్ళకేం తెలుసు?

ఆదివారం ఆదివారం ఫిలుమేనాను పుట్టింటికి దాటించేవాడు. ఆమె మెట్లెక్కి తోటలోకి వెళ్ళి అన్నతో, చిన్ననాటి స్నేహితురాళ్ళతో కబుర్లాడి వచ్చేది. స్పీరు కింద బురుజు నీడలో పడవ కట్టేసుకుని కూర్చునేవాడు. అక్కడ ఎవరూ చూడరు గనక, గుండె డాక్టరు మానెయ్యమన్న సిగరెట్టు తీరిగ్గా కాల్చుకునేవాడు. పిల్లులకి చేపతల వేసేవాడు. ఒక్కోసారి పాటందుకునేవాడు. వాడి గొంతు ఎలాంటిదంటే పిల్లులు చేపతల వదిలేసి పోయేవి.

ఇలా నడుస్తుండగా ఒక ఏడు జూన్‌లో ఫిలుమేనాకు చూపు మసకేసింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, నరం దెబ్బతింటోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా కొద్దికొద్దిగా తగ్గుతుందనీ చెప్పారు. వచ్చే దారిలో పడవలో ఆమె ఏడవలేదు. రేవు మధ్యకు వచ్చాక చెప్పింది.

"స్పీరూ, నాకొకటి కావాలి."

"అడుగు."

"కళ్ళుండగా ఒక్కసారి నీతో గార్డ్యోలా ఎక్కాలి."

స్పీరు తెడ్డు వెయ్యడం ఆపాడు. "తీసుకెళ్తాగా, ఆదివారం ఎలాగూ..."

"తీసుకెళ్ళడం కాదు. నువ్వు పైకి రావాలి. నా పక్కన నిలబడాలి."

"మేనా, నీకు తెలుసుగా నా ఒట్టు."

"తెలుసు. నలభై ఏళ్ళ పైనుంచీ గోడ మీద వేలాడదీసుకుని చూస్తున్నాగా ఆ ఒట్టుని. దుమ్ము కూడా నేనే తుడుస్తున్నా."

స్పీరు మళ్ళీ తెడ్డు అందుకున్నాడు. ఆ రాత్రి వాడికి నిద్ర పట్టలేదు. పెళ్ళాం మీద ప్రేమ లేక కాదు. ఫిలుమేనా కళ్ళ సంగతి విన్నాక ఆ పూట వాడి అన్నం సగం పళ్ళెంలోనే ఉండిపోయింది. కానీ ఆ మెట్లెక్కుతున్నట్టు ఊహించుకుంటే చాలు, బెంచీ మీద గెయ్తు మొహం, ఆ ముసలాళ్ళ ఇకిలింపులు కళ్ళకు కట్టేవి. ఒళ్ళు మండిపోయేది.

మర్నాడు చర్చికి వెళ్ళి ఫాదర్ విస్తీన్‌ను పట్టుకున్నాడు. ఒట్టు విప్పించుకుంటే తన మాట పోదు, పెళ్ళాం మాటా దక్కుతుందని ఆశ.

"ఫాదర్, నేనొక ఒట్టు పెట్టుకున్నా. మీరు విడిపించాలి."

ఆయన గంభీరంగా కుర్చీ లాక్కున్నాడు. "దేవుడికి మొక్కుకున్నావా? మరియమ్మకా?"

"ఎవరికీ కాదండీ. ఇస్లావాళ్ళకి."

సంగతంతా విన్నాక ఫాదర్ నవ్వాపుకోలేక రుమాలు మొహాన పెట్టుకున్నాడు. "నాయనా, దేవుడికి పెట్టింది అయితే నేను విప్పుతాను. ఇది నీ మొండితనానికి నువ్వే పెట్టుకున్నావు. దానికి నేనేం చెయ్యను? ఆ మెట్లెక్కు, అదే విడిపోతుంది."

"అంతేనంటారా?"

"అంతకంటే ఇంకేముంది? వెళ్ళేప్పుడు ఆ తలుపు వేసి వెళ్ళు, గాలి కొడుతోంది."

అలా అక్కడా పని కాలేదు. చివరికి స్పీరే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ ఏడు బిర్గు పడవ మంచి ఊపు మీదుంది. కొత్త కుర్రాళ్ళు పొద్దున్నే రేవులో సాధన చేస్తుంటే చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకుంటున్నారు. సెప్టెంబరులో పందెం కొట్టడం ఖాయం. అప్పుడు గెలిచిన ఊరివాడిగా తలెత్తుకుని మెట్లెక్కొచ్చు. గెయ్తు కిక్కురుమనడు.

"పందెం అయిపోనీ మేనా," అన్నాడు. "పందెం అవగానే వెళ్దాం. మాటిస్తున్నా."

ఫిలుమేనా కాసేపు వాడి మొహంలోకి చూసింది. "సరే, అలాగే" అంది. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

ఎత్తలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు స్పీరు. జూలైలో ఆమె సూదిలో దారం ఎక్కించడం మానేసింది. బంగాళాదుంపలు కిటికీ వైపు చూస్తూ, చేత్తో తడుముతూ చెక్కు తీసింది. ఎండ ఎక్కువగా ఉందని ఆదివారాలు ఇస్లా వెళ్ళడం ఆపేసింది. స్పీరుకు అది అలక అనిపించింది. మంచిదే, అడగకుండా ఉంటే చాలనుకున్నాడు. రోజూ రేవు గట్టు మీద కుర్రాళ్ళ తెడ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మతి ఉన్న మనిషి చేసే పనేనా ఇది? ఎదురుగా పెళ్ళాం కళ్ళు పోతుంటే!

పందెం రోజు వచ్చింది. మా బిర్గువాళ్ళమంతా కోట గోడ పక్కన చేరాం. అవతల గార్డ్యోలా గోడ పసుపు జెండాలతో నిండిపోయింది. ఫిలుమేనా మధ్యాహ్నమే వచ్చి మడత కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో టమాటా రుద్ది నూనె పోసిన రొట్టెల పొట్లం, చేతిలో రుమాలు. మెట్టినింటి తరఫున రుమాలు ఊపడం ఆమెకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు.

అసలు పందెం సాయంత్రం చివర్లో మొదలైంది. రెండు పడవలే ముందు. ఒకటి మాది, ఒకటి వాళ్ళది. గార్డ్యోలా దాటేవరకూ మేమే ముందున్నాం. తర్వాత ఏమైందో, మా కుర్రాళ్ళ దమ్ము అయిపోయింది. ఇస్లా పడవ సగం పడవ పొడుగు ముందుకు వచ్చేసింది. మా జనం నోళ్ళు మూతపడ్డాయి.

ఆ నిశ్శబ్దంలో ఫిలుమేనా లేచి నిలబడింది. ముందు వస్తున్న ఇస్లా పడవ వైపు రుమాలు ఊపుతూ, "అదీ! అలా లాగండ్రా నాయనా! లాగండి!" అని సంతోషంగా కేకలేసింది.

చుట్టూ తలలు తిరిగాయి. వెనక నుంచి ఒకావిడ అననే అంది: "ఎంతైనా పుట్టిల్లు కదమ్మా, రక్తం ఊరుకుంటుందా."

స్పీరుకు తల కొట్టేసినట్టయింది. "ఏమే, నీకేమైనా పిచ్చా?" అని ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"ఏం? మనవాళ్ళేగా ముందున్నది?"

"మనవాళ్ళా? ఆ పసుపు కనబడటం లేదూ?" అనేసి, అప్పుడు ఆమె మొహం చూశాడు. ఆమె చూస్తున్నది ఇస్లా పడవను కాదు, బిర్గు పడవనూ కాదు. పడవలు దాటిపోయి ఖాళీ అయిన నీళ్ళ వైపు, ఇందాక తెడ్ల చప్పుడు వచ్చిన వైపు చూస్తోంది.

ఆమె మెల్లగా రుమాలు దించింది. "మనది కాదా?" అని అడిగింది చిన్నగా.

స్పీరు పక్కన చతికిలబడ్డాడు. "ఎప్పట్నించి మేనా?"

"దూరం జూలైలోనే పోయింది. నీ మొహం ఇంత దగ్గరకొస్తే కనిపిస్తుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"పందెం అయ్యాక అన్నావుగా."

ఇస్లా వైపు నుంచి బాకాలు మోగాయి. టపాకాయలు పేలాయి. మావాళ్ళు ఒక్కొక్కరే కుర్చీలు మడుచుకుంటున్నారు. స్పీరు లేచి ఆమె చెయ్యి అందుకున్నాడు.

"లే."

"ఇంటికేనా?"

"గార్డ్యోలాకి."

ఫిలుమేనా నవ్వింది. "ఇవాళా? గెలిచిన మత్తులో ఉంటారు. నీ తోలు తీసి ఆరేస్తారు."

"తీస్తే తియ్యనీ. ఇంకేం మిగిలిందని దాచుకోడానికి?"

ఓడిపోయిన రోజు, సంబరం మధ్యలోకి, బిర్గు మనిషి పడవేసుకుని ఇస్లా వెళ్ళడం మేమెవరం అంతకుముందు చూడలేదు. గట్టు మీద ఉన్నవాళ్ళం నోరు తెరుచుకుని చూశాం. స్పీరు ఎప్పుడూ కట్టే చోటే పడవ కట్టాడు. ఫిలుమేనా చెయ్యి తన భుజం మీద వేయించుకున్నాడు. మెట్లు ఒక్కొక్కటే చెబుతూ ఎక్కించాడు. "ఇది కొంచెం ఎత్తు. ఇక్కడ అరిగింది, జాగ్రత్త." తను మొదటిసారి ఎక్కుతున్నాడన్న ధ్యాసే లేదు.

తోటంతా జనం. సీసాలు, జెండాలు, పాటలు. ముందు గెయ్తు చూశాడు. బట్టతల, పొట్ట, మెళ్ళో పసుపు కండువా. నోట్లో బీరు నోట్లోనే ఉండిపోయింది.

"ఒరేయ్! ఎవరొచ్చారో చూడండ్రా! పాట ఆపండి! మా బావ వచ్చాడు!"

ఇక చూడాలి. ఈలలు, చప్పట్లు. "ఏవయ్యా స్పీరూ, పేరు మార్చుకున్నావా? ఇప్పుడేమని పిలవాలి?" "దారి తప్పి వచ్చాడేమోరా, దిగబెట్టి రండి!" "తాడు గట్టిదేనా ఈసారి?" స్పీరు మొహం కందగడ్డలా అయింది గానీ ఫిలుమేనా చెయ్యి వదల్లేదు. గెయ్తు రొట్టె ఒకటి రెండు చేతుల్తో పట్టుకుని, చర్చిలో ఫాదర్‌లా నడిచొచ్చాడు.

"బావా, ఆ రోజు సగమే వేశాను. మిగతాది నీ కోసమే దాచా."

స్పీరు ఆ రొట్టె తీసుకున్నాడు. ముక్క తుంచి నోట్లో వేసుకుని నమిలాడు. "ఆ రోజు కంటే నయమే. కాస్త ఉప్పు తగ్గింది" అన్నాడు.

తోట గొల్లుమంది. గెయ్తు కూడా నవ్వుతూ చెల్లెలి వైపు తిరిగి, "ఏమే, ఎలా లొంగదీశావే వీణ్ణి?" అన్నాడు. ఫిలుమేనా మాట వచ్చిన వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి అన్న భుజానికి కాకుండా గాలిలోకి వెళ్ళింది. ఒకసారి తడుముకుని, కండువా దొరికాక పట్టుకుంది. గెయ్తు నవ్వు ఆగిపోయింది. వాడికీ సంగతి అప్పటిదాకా తెలియదు. చెల్లెలు ఎవరికీ చెప్పలేదు.

గోడ దగ్గర గుమిగూడినవాళ్ళు పక్కకు జరిగారు. బెంచీ మీది ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. స్పీరు ఆమెను రాతి గూడు పక్కకు తీసుకెళ్ళి, ఆమె రెండు చేతులూ గోడ మీద ఆనించాడు. రాయి ఇంకా ఎండ వేడి మీదే ఉంది.

"వచ్చాం" అన్నాడు.

"ఏం కనిపిస్తోంది? చెప్పు."

స్పీరు గొంతు సవరించుకున్నాడు. విదేశీయులకు చెప్పే పాఠమే నోటికొచ్చింది. "ఎదురుగా వలెట్టా పట్నం కోటగోడలు. కుడిచేతివైపు మన బిర్గు కోట. ఎడమవైపు..."

"అవన్నీ నాకు నోటికొచ్చు. కిందికి చూడు."

స్పీరు వంగి చూశాడు. తన పడవ కనిపించింది. కనిపించడమంటే అలా ఇలా కాదు. నీళ్ళు తోడే డబ్బా, కూర్చునే మెత్త మీది అతుకు, తాడు ముడి, పిల్లులకి చేపతల వేసే రాయి, పళ్ళెంలో పెట్టినట్టు అన్నీ కనిపించాయి.

"ఇవన్నీ కనిపిస్తాయా ఇక్కణ్ణించి?"

"సిగరెట్ల డబ్బా బల్ల కింద ఎడమవైపు" అంది ఫిలుమేనా.

వెనక నుంచి గెయ్తు, "ఒకటి కాలుస్తావా రెండా అని కాఫీ పందెం వేసుకునేవాళ్ళం బావా. పాట ఎత్తుకుంటే మాత్రం లేచి ఇళ్ళకెళ్ళేవాళ్ళం" అన్నాడు.

స్పీరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇన్నేళ్ళూ చూస్తూ ఒక్కసారి కూడా అనలేదేం?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"అంటే నువ్వు చోటు మార్చేసేవాడివి. ఇక నేను పైకొచ్చి ఏం చూడను?"

స్పీరు గోడ గట్టిగా పట్టుకున్నాడు. ఆదివారాలు ఆమె ఇక్కడికొచ్చేది అన్న కోసం, స్నేహితురాళ్ళ కోసం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కింద నీడలో ఎవరూ చూడరని ధీమాగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అంది. "పడవలో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? ఎవరూ లేరు."

"సరిగ్గా చూడు."

"లేరు మేనా. ఖాళీ పడవ."

ఆమె తల ఊపింది. కిందికి, పడవ ఉండే చోటికి సరిగ్గా మొహం తిప్పి నిలబడింది. "పెళ్ళినాటి నుంచీ నేను చూద్దామనుకున్నది అదే" అంది.

జూన్‌లో వచ్చి ఉంటే చూసేది. ఆ మాట ఆమె అనలేదు. అనకపోవడమే స్పీరును కోసేసింది. ఇస్లావాళ్ళంతా చూస్తుండగా, రొట్టె చేత్తో పట్టుకుని, గట్టిగానే ఏడ్చాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఫిలుమేనా చేత్తో తడుముకుని వాడి మోచెయ్యి పట్టుకుంది.

"ఊరుకో. ఇంకోసారి చెప్పు."

"ఖాళీగా ఉంది," అన్నాడు స్పీరు. "పిల్లి ఒకటి ఎక్కి మెత్త మీద పడుకుంది. నేను లేను. నేనిక్కడున్నాను."